పెద్ద రీలు, బరువు జూమ్, గాజు మేడలు

హైదరాబాదులోని దుర్గం చెరువు తీగల వంతెనను ఫొటో తీయాలనుకునేవారికి మొదటి అడ్డంకి చెరువే. ముందుకు రెండడుగులు వేద్దామంటే నీళ్లు, వెనక్కి వేద్దామంటే కంచో గోడో బండరాయో అడ్డం. నిలబడటానికి దొరికే చోట్లు కొన్నే. 2020 సెప్టెంబరు 25న ప్రారంభమైన ఈ వంతెనకు 56 తీగలున్నాయి. నీళ్ల మీదుగా సాగే ప్రధాన స్పాన్ పొడవు 233.85 మీటర్లు. మొత్తం వంతెన కావాలా, ఒక స్తంభమూ దాని తీగలూ చాలా, వెనకున్న గాజు మేడలు కూడా రావాలా? ఏది కావాలన్నా ఆ ఒక్క చోటి నుంచే సర్దుకోవాలి.

ఫోన్ ఉన్నవారికి ఇది సమస్యే కాదు, తెర మీద రెండు వేళ్లు ఎడంగా జరిపితే సరి. ఇబ్బంది పడేది మీడియం ఫార్మాట్ ఫిల్మ్ కెమెరా భుజాన వేసుకొచ్చినవారు. ఆ కెమెరాలకు చాలావరకు 75 లేదా 80 మిల్లీమీటర్ల లెన్సు ఒక్కటే ఉంటుంది. అది మన కంటికి అలవాటైన మేరకే చూపిస్తుంది. దూరాన ఉన్నది చిన్నగా పడుతుంది. ఇంటికెళ్లాక నెగెటివ్‌లో కావలసిన ముక్క కత్తిరించుకుంటే పోలేదా అని అనిపిస్తుంది. ఆ కత్తిరింపుకు ఎంత మూల్యం చెల్లించాలో ముందు లెక్క చూసుకోవాలి.

ఒకప్పుడు ప్రతి ఇంట్లో ఉండే 35 ఎం.ఎం. రీలులో ఒక్కో ఫ్రేము 24 × 36 మిల్లీమీటర్లు, అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. మీడియం ఫార్మాట్ కెమెరాల్లో వేసేది 120 రీలు. దాని వెడల్పు ఆరు సెంటీమీటర్ల పైచిలుకు. ఆ రీలు మీద 645 రకం కెమెరాలో పడే ఫ్రేము సుమారు 56 × 41.5 మిల్లీమీటర్లు, విస్తీర్ణంలో 2,324 చదరపు మిల్లీమీటర్లు. ఇది 35 ఎం.ఎం. ఫ్రేముకు 2.7 రెట్లు. 6 × 6 చతురస్రమైతే మూడున్నర రెట్లు పైనే, 6 × 7 అయితే నాలుగున్నర రెట్ల దాకా ఉంటుంది. చర్మం మీద వెలుగునీడలు మెత్తగా కలవడం, గోడ గరుకుదనం కనబడటం, పెద్ద ప్రింటు వేసినా గ్రెయిన్ బయటపడకపోవడం అన్నీ ఆ విస్తీర్ణం వల్లే.

160 మిల్లీమీటర్ల లెన్సు వాడాల్సిన చోట 80 మిల్లీమీటర్లతో తీసి తర్వాత కత్తిరించామనుకుందాం. ఫ్రేములో నాలుగో వంతే మిగులుతుంది. 2,324లో నాలుగో వంతు 581. చిన్న కెమెరాలో వచ్చే 864 కంటే కూడా అది తక్కువ. ఆరు గజాల పట్టుచీర కొని అందులోంచి జేబురుమాలు కత్తిరించుకున్నట్టే. మీడియం ఫార్మాట్‌లో జూమ్ లెన్సు అవసరం ఇక్కడే తెలుస్తుంది. నిలబడిన చోటు నుంచి కదలకుండా, నెగెటివ్‌లో ఒక్క మిల్లీమీటరు కూడా వృథా కాకుండా ఫ్రేము నింపుకోవడానికి అది పనికొస్తుంది.

హైదరాబాదుకు పెద్ద నెగెటివ్ కొత్తేమీ కాదు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి ఫొటోగ్రఫీ వైపు మళ్లిన లాలా దీన్ దయాళ్ 1880ల్లో సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరై, రాజా బిరుదు పొందారు. ఆయన వాడినవి గాజు పలకలు. ఆ కాలంలో పలకను కాగితానికి ఆనించి ఎండలో ప్రింటు తీసేవారు కాబట్టి పలక ఎంతుంటే బొమ్మా అంతే ఉండేది. తర్వాత పెద్దది చేసి ఒక ముక్క తీసుకోవడం అంత తేలికైన పని కాదు. ఫ్రేములో ఏముండాలో కెమెరా నిలబెట్టినప్పుడే తేల్చుకోవాలి. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగెటివ్‌లను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో సేకరించింది.

120 రీలు కోడాక్ వారి బ్రౌనీ పెట్టె కెమెరా కోసం 1901లో వచ్చింది. శతాబ్దం దాటినా ఇంకా తయారవుతూనే ఉంది. మన ఊళ్లలో చాలామందికి ఇది ఆగ్ఫా క్లిక్ త్రీ రూపంలోనో, స్టూడియో గోడకు వేలాడిన యాషికా-మ్యాట్ రూపంలోనో పరిచయం. రెండూ చతురస్రపు బొమ్మలు పన్నెండేసి తీసేవి. ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ 'ఇందు' పేరుతో దేశంలోనే ఫిల్ము తయారు చేసింది. పెళ్లి ఆల్బమ్‌లలోని నలుపు తెలుపు బొమ్మల్లో ఎన్నో ఈ వెడల్పు రీళ్ల మీద పుట్టినవే.

అయితే తాతగారి యాషికా బీరువాలోంచి బయటికి తీసి దానికి జూమ్ బిగిద్దామంటే కుదరదు. ఆ రెండు కళ్ల కెమెరాకు లెన్సులు శాశ్వతంగా బిగించి ఉంటాయి. జూమ్ వాడాలంటే లెన్సు మార్చుకునే వీలుండాలి. లెన్సులోంచి వచ్చే దృశ్యమే అద్దం మీద పడి కంటికి కనబడాలి. అంటే ఎస్.ఎల్.ఆర్. పద్ధతి కెమెరా కావాలి. హాసెల్‌బ్లాడ్ 500 వరస, మమియా 645, మమియా ఆర్.జెడ్. 67, బ్రోనికా, పెంటాక్స్ 645, పెంటాక్స్ 67 ఈ కోవలోవి.

స్టిల్ కెమెరాకు తొలి జూమ్ లెన్సు 1959లో వచ్చిన ఫోక్‌ట్లాండర్ జూమార్. అది చిన్న ఫార్మాట్‌ది, 36 నుంచి 82 మిల్లీమీటర్లు. పెద్ద ఫ్రేముకు జూమ్ తయారు చేయడం అంతకంటే కష్టం. మూలమూలకూ వెలుగు సమంగా చేరాలంటే గాజు కటకాలు పెద్దవి కావాలి, వాటి సంఖ్యా పెరగాలి. బరువు తగ్గించాలంటే అపర్చర్ తగ్గించుకోక తప్పదు. హాసెల్‌బ్లాడ్‌కు ష్నైడర్ చేసిచ్చిన వేరియోగాన్ 140-280 లెన్సు ఎఫ్/5.6 దగ్గర ఆగింది. బరువు సుమారు రెండు కిలోలు. పెంటాక్స్ 645కు 45-85, 80-160 రెండూ ఎఫ్/4.5లో దొరుకుతాయి. మమియా 645కు 55-110, 105-210 కూడా ఎఫ్/4.5లోవే. ఆర్.జెడ్. 67కు 100-200 ఉంది, ఎఫ్/5.2. పెంటాక్స్ 67కు 55-100, 90-180 ఉన్నాయి.

ఈ అంకెలు చిన్న కెమెరా అలవాటున్నవారిని తికమక పెడతాయి. ఫ్రేము పెద్దదైతే అదే ఫోకల్ లెంగ్త్ మరింత వెడల్పుగా చూస్తుంది. 645లో అంకెను 0.62తో గుణిస్తే 35 ఎం.ఎం. లెక్క వస్తుంది. 45-85 లెన్సు దాదాపు 28-53, 80-160 దాదాపు 50-100. 6 × 7లో సుమారుగా సగం చేసుకుంటే చాలు. ఎంత పెద్ద లెన్సైనా మీడియం ఫార్మాట్ జూమ్ ఇచ్చేది దాదాపు రెండు రెట్లే. పక్షుల ఫొటోల కోసం దీన్ని కొంటే నిరాశే మిగులుతుంది.

చంద్రుడి చుట్టూ తిరిగినవారు కూడా జూమ్ లేకుండానే గొప్ప ఫొటో తీశారు. 1968 డిసెంబరులో అపోలో 8 నుంచి బిల్ ఆండర్స్ తీసిన, భూమి ఉదయిస్తున్నట్టు కనబడే ఫొటో హాసెల్‌బ్లాడ్‌కు 250 మిల్లీమీటర్ల లెన్సు తగిలించి తీసినది.

జూమ్ విషయంలో ఒక అపోహ గట్టిగా నాటుకుపోయింది. దూరాన ఉన్నదాన్ని అది దగ్గరికి లాగుతుందని అనుకుంటారు. నిజానికి జూమ్ వస్తువుల మధ్య దూరాన్ని ఏమాత్రం మార్చదు, ఉన్న దృశ్యంలో ఎంత మేర ఫ్రేములో పడాలో నిర్ణయిస్తుందంతే. ఏది పెద్దగా, ఏది చిన్నగా కనబడాలో తేల్చేది కెమెరా పెట్టిన చోటు.

హైదరాబాదులోని ఖాజాగూడ గుట్టల మీద ఒక ఉదాహరణ చూద్దాం. ఇక్కడి గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. కెమెరాకు 20 మీటర్ల దూరంలో ఒక బండ, 400 మీటర్ల దూరంలో ఒక గాజు మేడ ఉన్నాయనుకుందాం. లెన్సు 80 మిల్లీమీటర్ల దగ్గర ఉంది. ఇప్పుడు మరో 20 మీటర్లు వెనక్కి నడిస్తే బండ దూరం 40 మీటర్లవుతుంది, ఫ్రేములో దాని పరిమాణం సగమవుతుంది. మేడ దూరం 420 మీటర్లే కాబట్టి దాని పరిమాణం దాదాపు మారదు. అక్కడి నుంచి 160కి జూమ్ చేస్తే బండ మళ్లీ పాత పరిమాణానికి వస్తుంది, మేడ మాత్రం దాదాపు రెండింతలై బండ నెత్తిన నిలబడినట్టు కనబడుతుంది. నడవకుండా జూమ్ మాత్రమే తిప్పి ఉంటే రెండూ కలిసి పెరిగేవి, వాటి నిష్పత్తి మారేది కాదు.

అందుకే అనుభవం ఉన్నవారు ముందు కెమెరా సంచీలోనే ఉంచి తిరుగుతారు. రాయికీ మేడకూ, మెట్రో స్తంభానికీ గాజు గోడకూ కుదిరే పొత్తు ఏ చోటి నుంచి బాగుందో చూసుకుని, ఆ తర్వాతే ట్రైపాడ్ దించుతారు. జూమ్ రింగు తిప్పడం చివరి పని. గాజు మేడలున్న ఈ ప్రాంతంలో ఆ చివరి పనికి విలువ ఎక్కువ. ప్రైవేటు క్యాంపస్‌లలోకి అనుమతి లేకుండా కెమెరాతో వెళ్లలేరు. ఫ్లైఓవర్ అంచున నిలబడటం ప్రమాదం. ఫుట్‌పాత్ మీద ట్రైపాడ్ పెడితే సెక్యూరిటీ గార్డు వచ్చి పలకరిస్తాడు. చోటు మనం ఎంచుకున్నట్టే ఉంటుంది కానీ సగం నగరమే ఎంచిపెడుతుంది.

1998 నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించిన సైబర్ టవర్స్ ఈ కథలో మరో రకం పాత్ర. ఆ గుండ్రటి భవనం కూడలికి దగ్గరగా ఉంది, చుట్టూ రోడ్లు, ఎదుట ఫ్లైఓవర్. దూరంగా జరిగితే మధ్యలో ఏదో ఒకటి అడ్డొస్తుంది కాబట్టి ఇక్కడ 45-85 లెన్సులో వెడల్పు కొస కావాలి. ఆ కొస దగ్గర చాలా జూమ్‌లకు ఒక జబ్బుంది. ఫ్రేము అంచున ఉన్న సరళరేఖలు బయటికి ఉబ్బుతాయి. పొడవు కొస దగ్గర అవే లోపలికి వంగుతాయి. సైబర్ టవర్స్ స్వతహాగా గుండ్రనిది కాబట్టి ఆ ఉబ్బు కంటికి ఆనదు. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లోని గాజు మేడలు అలా కావు. గళ్ల నోటుబుక్కులా గీతలు గీసినట్టుండే ఆ ముఖాల మీద చిన్న వంకర కూడా దాగదు. అలాంటి చోట ఒకే ఫోకల్ లెంగ్త్ ఉన్న ప్రైమ్ లెన్సుదే పైచేయి. జూమే వాడాల్సొస్తే భవనం అంచును ఫ్రేము అంచుకు ఆనించకుండా కొంత లోపలికి ఉంచాలి.

ఎత్తయిన మేడలతో మరో తంటా ఉంది. కెమెరా పైకెత్తితే గోడలు వెనక్కి వాలిపోతున్నట్టు పడతాయి. డిజిటల్‌లో అయితే ఒక్క నొక్కుతో నిటారు చేసుకుంటారు, అక్కడా అంచులు కొంత పోతాయి. ఫిల్మ్‌తో తీసేవారు దూరంగా, వీలైతే ఎత్తుకు వెళ్లి కెమెరాను సమంగా ఉంచి పొడవు కొసతో తీస్తారు. ఖాజాగూడ గుట్ట ఎక్కితే ఈ వీలు దొరుకుతుంది. కాకపోతే అంత దూరం నుంచి చూస్తే మధ్యలో దుమ్ము, పొగ పేరుకుని కనబడతాయి. నలుపు తెలుపు ఫిల్ముకు నారింజ రంగు ఫిల్టరు ఆ మసకను కొంత కోస్తుంది. మంచి వాన వెలిసిన తర్వాతి గంటల్లో గాలి కడిగినట్టు ఉంటుంది, ఫిల్టరు అవసరమే తక్కువ.

గాజు మేడలను ఫొటో తీయడం అంటే ప్రతిబింబాలను ఫొటో తీయడమే. పొలరైజర్ ఫిల్టరుతో వాటిని తగ్గించుకోవచ్చు. గాజును ఎదురుగా చూసేటప్పుడు ఇది పెద్దగా పని చేయదు, ఏటవాలుగా చూసినప్పుడే ప్రభావం తెలుస్తుంది. ఒకటిన్నర, రెండు స్టాపుల వెలుగును మింగేస్తుంది కూడా. కొన్ని పాత జూమ్‌లలో ఫోకస్ తిప్పినప్పుడల్లా ముందు భాగం తిరుగుతుంది. ముందు ఫోకస్ చేసి, తర్వాత పొలరైజర్ సరిచేసుకోవాలి. సాయంత్రం పడమటి గాజు గోడలు ఎండను వెనక్కి విసిరేస్తాయి. సూర్యుడు వీపు వెనక ఉన్నా ముందు నుంచి మరో సూర్యుడు లెన్సులోకి పొడుస్తాడు. అనేక కటకాలున్న జూమ్‌కు ఇలాంటి వెలుగు పడదు. లోపల అటూ ఇటూ ప్రతిఫలించి బొమ్మ తేలిపోతుంది. జూమ్‌తో వచ్చే హుడ్ వెడల్పు కొసకు కొలిచి చేసినది కాబట్టి పొడవు కొసలో సరిపోదు. లెన్సు పక్కన ఒక అట్టముక్క అడ్డుపెట్టి నీడ చేసేవారున్నారు.

ప్రైమ్‌కూ జూమ్‌కూ తేడా వ్యూఫైండర్‌లో మొదటి రోజే తెలుస్తుంది. ఎఫ్/2.8 ప్రైమ్‌తో పోలిస్తే ఎఫ్/4.5 జూమ్ నుంచి వచ్చే వెలుగు రెండున్నర రెట్లు తక్కువ. ఎఫ్/5.6 అయితే నాలుగు రెట్లు తక్కువ. ఫోకస్ సాయానికి మధ్యలో ఉండే చీలిక బొమ్మలో ఒక సగం నల్లబడి మొరాయిస్తుంది. అప్పుడు చుట్టూ ఉన్న గరుకు గాజు మీదే ఫోకస్ పట్టాలి. సాధారణంగా పొడవు కొసకు తిప్పి, పెద్దగా కనబడుతున్నప్పుడు ఫోకస్ చేసి, తర్వాత కావలసిన చోటికి వెనక్కి తెచ్చుకుంటారు. జూమ్ తిప్పినా ఫోకస్ చెదరని లెన్సులకే ఇది చెల్లుతుంది. వయసు మీద పడ్డ లెన్సుల్లో కొంత జారడం మామూలే, రెండో చోటా సరిచూసుకోవడం మంచిది.

వెలుగు తక్కువైనా నేపథ్యం మసకబారడంలో లోటుండదు. 645 మీద 160 మిల్లీమీటర్లు, ఎఫ్/4.5 ఇచ్చే మసక చిన్న కెమెరాలో 100 మిల్లీమీటర్లు, ఎఫ్/2.8 ఇచ్చేదానికి దగ్గరగా ఉంటుంది. అందుకే 80-160 జూమ్‌ను పోర్ట్రెయిట్‌లకు ఇష్టపడేవారు ఉన్నారు. దృశ్యమంతా స్ఫుటంగా కావాలంటే ఎఫ్/11, ఎఫ్/16 దాకా మూయాలి, దానికి ట్రైపాడ్ తప్పదు.

చేతిలో పట్టుకుని తీయాలంటే షట్టర్ వేగం ఫోకల్ లెంగ్త్ అంకెకు తగ్గకూడదనేది పాత సూత్రం. 160 దగ్గర సెకనులో 250వ వంతు ఉండాలి. పెద్ద కెమెరాలో అద్దమూ పెద్దదే, అది లేచేటప్పుడు కొట్టే దెబ్బకు కెమెరా అదురుతుంది. ట్రైపాడ్ మీద పెట్టినా వీలుంటే అద్దాన్ని ముందే పైకి లేపి, కేబుల్ రిలీజ్‌తో నొక్కడం మేలు.

సూర్యుడు అస్తమించి ఆఫీసుల్లో దీపాలు వెలిగే అరగంట ఈ ప్రాంతానికి అందమైన వేళ. ఫిల్ముకు మాత్రం పరీక్షా సమయం. ఎక్స్‌పోజరు సెకన్లలోకి వెళ్లేకొద్దీ ఫిల్ము మందగిస్తుంది. ఇల్ఫర్డ్ హెచ్.పి.5 ప్లస్ ఫిల్ముకు తయారీదారు ఇచ్చిన సూత్రం ప్రకారం లైట్ మీటరు 10 సెకన్లు చూపిస్తే దాదాపు 20 సెకన్లు ఇవ్వాలి. అంతసేపట్లో కార్ల దీపాలు ఎర్రటి, తెల్లటి గీతలై వంతెన మీద పారతాయి.

645లో ఒక రీలుకు 15 లేదా 16 బొమ్మలే వస్తాయి. 6 × 7లో పదే. రీళ్లను విదేశాల నుంచి వచ్చేవారితో తెప్పించుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చెకిన్ సామానులో పెడితే అక్కడి స్కానర్లు ఫిల్మును పాడు చేస్తాయి. హ్యాండ్ బ్యాగులు పరీక్షించే చోట ఇప్పుడు వస్తున్న సి.టి. స్కానర్లూ ప్రమాదమే. విడిగా చేత్తో చూడమని అడగాలి.

రీలు ఇంట్లో కడుక్కునేవారికి హైదరాబాదు ఎండాకాలం మరో లెక్క చెబుతుంది. నలుపు తెలుపు డెవలపర్లకు చెప్పే ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మే నెలలో మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు చేయి పెడితే చురుక్కుమంటాయి. ఐసు ముక్కల సంచి నీళ్లలో వేసి థర్మామీటరు చూస్తూ చల్లబరచాలి. రంగుల ఫిల్ముకు వాడే సి-41 పద్ధతి మాత్రం 38 డిగ్రీల దగ్గర జరుగుతుంది. అంటే ఇక్కడి ఎండాకాలానికి అదే తేలిక.

పెద్ద ప్రింట్లు ఎలా ఉంటాయో చూడాలంటే దూరం వెళ్లనక్కర్లేదు. 2015లో మొదలైన ఇండియన్ ఫొటో ఫెస్టివల్‌కు మాదాపూర్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ ప్రధాన వేదిక. 16 × 20 అంగుళాల ప్రింటును లెక్కకు తీసుకుంటే 645 నెగెటివ్‌ను సుమారు పది రెట్లు పెంచాలి, 35 ఎం.ఎం. అయితే 17 రెట్లు. 645లో నాలుగో వంతుకు కత్తిరించిన ముక్కను దాదాపు 20 రెట్లు సాగదీయాలి.

పాత జూమ్ కొనేటప్పుడు టార్చి వేసి లోపల చూడటం తప్పనిసరి. వానాకాలపు తేమకు కటకాల మీద సాలెగూడులా ఫంగస్ పడుతుంది. ప్రైమ్ లెన్సును విప్పి శుభ్రం చేయగలిగే మెకానిక్ కూడా జూమ్‌ను ముట్టుకోవడానికి జంకుతాడు, కదిలే గుంపులను తిరిగి అదే వరసలో అమర్చడం కష్టం కాబట్టి. లెన్సును కిందికి వంచినప్పుడు రింగు దానంతటదే జారుతోందా, అపర్చర్ రేకుల మీద నూనె ఉందా అన్నవి తర్వాత చూడాలి. కొన్నాక సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో ఉంచాలి.

ఒకే లెన్సు కొనే స్తోమత ఉంటే 75 లేదా 80 ప్రైమ్‌తో మొదలుపెట్టడం తెలివైన పని. తేలిక, చవక, వెలుగూ ఎక్కువే. దానితో కొన్ని రీళ్లు తీశాక కాంటాక్ట్ షీటు ముందేసుకుని, ప్రతి ఫ్రేములో ఎంత మేర కత్తిరించాల్సి వచ్చిందో స్కెచ్ పెన్నుతో గీసి చూసుకోవాలి. గీతలు పదే పదే మధ్యలోకి కుంచించుకుపోతుంటే 80-160 కొనవచ్చు. మేడల అంచులు ఫ్రేము బయటికి పోతుంటే 45-85 చూడాలి. గీతలే పెద్దగా పడకపోతే ఆ డబ్బుతో మరిన్ని రీళ్లు కొనుక్కోవచ్చు.